నిషేధము – నిగ్రహము

రాయబారియై హస్తినాపురమునకు విచ్చేసిన శ్రీకృష్ణుని దుర్యోధనుడు రాజోచితమైన విందునకు ఆహ్వానించెను. స్వామి ఆ విందును కాదని విదురుని ఇంట భుజించెను. ఈ కథ వినని వైష్ణవ గృహము తెలుగునాట ఉండదు. ఆ విదురుడే తరువాత అన్నగారైన ధృతరాష్ట్రునకు హితము చెప్పబోయి, దుర్యోధనునిచే నిండుసభలో దాసీపుత్రుడని నిందింపబడి, తన ధనుస్సును వాకిట విడిచి తీర్థయాత్రకు వెడలిపోయినట్లు భాగవతము చెప్పుచున్నది.

1921లో బొంబాయియందలి కోహినూర్ ఫిల్మ్ కంపెనీ ఈ మహాభక్తుని చరిత్రను ‘భక్త విదుర’ అను పేర మూకీ చిత్రముగా నిర్మించినది. దర్శకుడు కాంజీభాయి రాథోడ్. విదుర పాత్రను కంపెనీ అధిపతి ద్వారకాదాస్ సంపత్ స్వయముగా ధరించెను. తెరపై విదురుని తలమీద గాంధీ టోపీ, ఒంటిమీద ఖద్దరు ఉండెను. 1919 నాటి రౌలట్ చట్టము రేపిన మంట ఇంకను చల్లారని దినములవి. ధర్మము చెప్పి కొలువునకు దూరమైన విదురుని చూచినవారు గాంధీ మహాత్ముని తలచుకొనిరి. మద్రాసులోను, కరాచీలోను ఆ చిత్రము నిషేధింపబడెను. ఒకప్పుడు దుర్యోధనుడు సభ నుండి వెడలగొట్టిన విదురుని, మరల దొరతనమువారు తెరమీది నుండి వెడలగొట్టిరి.

భారతదేశమున చిత్రప్రదర్శన నిషేధముల చరిత్ర ఒక భక్తుని కథతో మొదలైనదని నేటి ఆస్తికులలో ఎక్కువమందికి తెలియదు. తెలిసినచో, నీతిని కాపాడుటకు సినిమాలను నిషేధింపవలెనని కోరునపుడు వారు కొంత తడవు ఆలోచింతురు. ‘భక్త విదుర’లో అశ్లీలము లేదు, దైవదూషణము లేదు. నిషేధించిన అధికారులకు విదురునిపై కోపమును లేదు. తెరపై ఉన్నదానిని చూచి కాక, చూచువాని మనస్సులో మెదలబోవు తలంపును చూచి వారు భయపడిరి. ఆ తలంపు ధర్మబద్ధమైనదా కాదా అను విచారణతో కత్తెరకు పనిలేదు.

సినిమాలను పరీక్షించు అధికారము 1918 నాటి చట్టముతో ప్రభుత్వము చేతికి వచ్చినది. 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూను పట్టణములలో సెన్సారు బోర్డులు ఏర్పడినవి. పేరునకు ప్రజల నీతిని కాపాడుటయే వాని పని. ఆ పని ఎట్లు సాగినదో 1935లో మరియొకసారి వెల్లడియైనది. ప్రభాత్ కంపెనీవారు శాంతారామ్ దర్శకత్వమున ఏకనాథుని చరిత్రను తీసిరి. పైఠణపురవాసియైన ఏకనాథుడు విఠలునకు పరమభక్తుడు. అస్పృశ్యులనబడిన వారిని ఆదరించి, వారితో కలిసి భుజించినవాడని ప్రసిద్ధి. ఆ చిత్రమునకు తొలుత పెట్టిన పేరు ‘మహాత్మా’. సెన్సారువారు ఆ పేరును అంగీకరింపలేదు. చిత్రము ‘ధర్మాత్మా’ అను పేర విడుదలయైనది. నాలుగు వందల ఏండ్ల నాటి భక్తుని మహాత్ముడని పిలుచుటయు నేరమైనదన్నమాట!

మన తెలుగు చిత్రములకును ఈ అనుభవము తప్పలేదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మము తీసిన ‘మాలపిల్ల’ హరిజనుల ఆలయప్రవేశమును చూపినది. దానిని ప్రదర్శింపరాదని సనాతనులు కొందరు ధర్మము పేరిటనే ఆందోళన చేసిరి. చిత్రము ఆగలేదు. మరుసటి సంవత్సరము మద్రాసు రాష్ట్రమున ఆలయప్రవేశమునకు సంబంధించిన చట్టమే వచ్చినది. నేడు ఏ క్షేత్రమునందైనను దర్శనమునకై బారులు తీరిన జనములో ఎవరు ఏ కులమువారో అడుగువారు లేరు. ఆనాడు ధర్మహానియని వాదించిన వారి మనుమలును ఆ వరుసలో నిలిచి గోవిందనామము చెప్పుచుందురు. అదే రామబ్రహ్మము 1939లో తీసిన ‘రైతుబిడ్డ’ను మాత్రము జమీందారుల అభ్యంతరముల వలన కొన్ని ప్రాంతములలో నిషేధించిరి. శిస్తు వసూళ్ళను గూర్చిన చిక్కును నీతిని గూర్చిన చిక్కుగా మార్చుట ఎంత సులువో దీనివలన తెలియును.

“అది పరాయి ప్రభుత్వము, అవి ఆనాటి పక్షపాతములు. నేటి ప్రశ్న వేరు. ఇంటిల్లిపాది కూర్చుండి చూడలేని చిత్రములు వచ్చుచున్నవి. పిల్లలు చెడిపోవుచున్నారు. దేవతలను పరిహసించుచున్నారు. వీనిని ఆపవద్దా?” అని గృహస్థుడు అడుగును. ఈ బాధను తేలికగా కొట్టివేయరాదు. సంధ్యవేళ దీపము పెట్టిన ఇంట, ఎదిగిన కుమార్తె ప్రక్కన కూర్చుండి, తెరపై వచ్చిన వెకిలి దృశ్యమునకు తలవంచుకొనవలసి వచ్చిన తండ్రికి భావస్వాతంత్ర్యమును గూర్చి ఉపన్యాసము చెప్పుట వెక్కిరింపే అగును. ఐనను ఆయన ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసియున్నవి. పసివారిని కాచుట యెట్లు అనునది ఒకటి. పెద్దవారికి ఏది మంచిదో నిర్ణయించువాడెవడు అనునది రెండవది. మొదటిదానికి చెప్పిన సమాధానమును రెండవదానికి అంటగట్టుటలోనే ప్రమాదమంతయు ఉన్నది.

అశ్లీలమును గుర్తించుట తేలిక యనుకొనువారు ‘రాధికా సాంత్వనము’ చరిత్రను తెలిసికొనవలెను. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానమున ముద్దుపళని రచించిన శృంగార ప్రబంధమిది. కృష్ణుడు ఇళను పరిణయమాడుట, రాధ అలుకబూనుట, స్వామి ఆమెను ఊరడించుట ఇందలి కథ. కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ కవుల చరిత్రలో దీనిని తీవ్రముగా ఆక్షేపించిరి. బెంగుళూరు నాగరత్నమ్మ మూలప్రతిని సంపాదించి 1910లో వావిళ్ళవారి ద్వారా సమగ్రముగా ప్రకటించెను. పురుషులు వ్రాసిన కావ్యములలో కనబడని దోషము స్త్రీ వ్రాసినందున కనబడినదా యని ఆమె సూటిగా ప్రశ్నించెను. 1911లో ప్రభుత్వము ఆ గ్రంథమును అశ్లీలమని నిషేధించి ప్రతులను స్వాధీనపరచుకొనెను. 1947లో టంగుటూరి ప్రకాశము పంతులుగారు ముఖ్యమంత్రిగా ఉన్నపుడు ఆ నిషేధము తొలగినది. ముప్పదియారు ఏండ్లు ఒక తెలుగు కృష్ణకావ్యము తెలుగువారికి చట్టవిరుద్ధమైన వస్తువుగా ఉండెను.

ఈ నాగరత్నమ్మ ఎవరు? తిరువయ్యారులో కావేరీతీరమున జీర్ణించియున్న త్యాగరాజస్వామి సమాధిని చూచి కన్నీరు పెట్టుకొని, తాను జీవితమంతయు పాడి కూడబెట్టిన ధనముతో అక్కడ ఆలయము కట్టించిన పుణ్యశీల. ఆరాధనోత్సవములలో స్త్రీలు పాడుటకు అవకాశము కల్పించుటకై పోరాడినదియు ఆమెయే. అశ్లీలగ్రంథమును వెలువరించినదని ప్రభుత్వముచే నిందింపబడినదియు, త్యాగబ్రహ్మమునకు గుడి కట్టించినదియు ఒకే హృదయము. ఆ హృదయమును తూచుటకు పోలీసువారి యొద్ద ఏ త్రాసు ఉండెను?

ఆలయములే ఈ విషయమున మిక్కిలి ఉదారముగా నడచుకొన్నవి. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయమునందలి సంకీర్తన భాండాగారమున శతాబ్దములు భద్రమై ఉండెను. వానిలో అధ్యాత్మ సంకీర్తనలు, శృంగార సంకీర్తనలు అని రెండు తెగలు కలవు. లభించినవానిలో శృంగార సంకీర్తనలే అధికము. అలమేలుమంగ విరహమును, ప్రణయకలహమును, స్వామి చిలిపితనమును దాచక పాడిన రేకులవి. వైరాగ్యము చెప్పు రేకులను ఉంచి, తక్కినవానిని కరగించి పాత్రలు పోయించిన ధర్మకర్త ఎవడైన ఆ మధ్యకాలమున పుట్టియుండినచో నేటి వారికి అన్నమయ్య సగమైనను దక్కెడివాడు కాదు. స్వామి అదృష్టమో, మన అదృష్టమో, అట్టి నీతిపరుడు పుట్టలేదు.

నిషేధించి పెంచిన పవిత్రత ఎంతవరకు నిలుచునో రామాయణము బాలకాండమునందే చెప్పినది. విభాండక మహర్షి తన కుమారుడైన ఋశ్యశృంగుని అడవిలో పెంచెను. ఆ బాలునకు తండ్రి తప్ప మరియొక మనుష్యుడు తెలియదు. స్త్రీ అను జాతి కలదనియే తెలియదు. లోకములో ఏ సెన్సారు బోర్డును ఇంతకంటె కట్టుదిట్టముగా పనిచేయలేదు. అంగరాజైన రోమపాదుడు పంపిన వేశ్యాంగనలు తండ్రి లేని వేళ ఆశ్రమమునకు వచ్చినపుడు ఋశ్యశృంగుడేమి చేసెను? వారికి అర్ఘ్యపాద్యము లిచ్చి పూజించెను. వారిచ్చిన మోదకములను తిని, ఇవియు ఒక విధమైన ఫలములే కాబోలు అనుకొనెను. మరునాడు వారిని వెదకుకొనుచు తానే బయలుదేరి, వారి వెంట నగరము చేరెను. ఆయన పాదము మోపగానే అంగదేశమున వర్షము కురిసినది. ఆయన చేయించిన ఇష్టివలననే దశరథునకు సంతానము కలిగినది. అది దైవసంకల్పము, వేరు విషయము. విభాండకుని పెంపకము మాత్రము ఒక్క పూట పరీక్షకు నిలువలేదు. కొడుకు దుర్బలుడా యనిన కాదు, మహాతపస్వి. ఏది ఏదో గుర్తించు అభ్యాసము అతనికి తండ్రి ఈయలేదు.

గీతాచార్యుడు రెండవ అధ్యాయమున ఈ తత్త్వమునే బోధించినాడు. ఆహారము మానినవానికి విషయములు దూరమగును గాని, వానిపై రుచి దూరము కాదు. పరమాత్మను దర్శించిననే ఆ రుచియు పోవును. మూడవ అధ్యాయమున మరింత కఠినముగా చెప్పినాడు. కర్మేంద్రియములను బిగబట్టి మనస్సుతో విషయములనే నెమరువేయువానిని మిథ్యాచారుడన్నాడు. చట్టమునకు చేతనైనది మొదటి మెట్టు మాత్రమే. అది వస్తువును కంటికి దూరము చేయగలదు. రుచిని తాకలేదు. పైపెచ్చు ‘నిషేధింపబడినది’ అను ముద్ర పడినంతనే, అంతవరకు దాని ఊసెత్తనివానికి సైతము దానిని చూడవలెనని బుద్ధి పుట్టును. థియేటరులో కోసివేసిన ముక్క సాయంత్రమునకు అరచేతిలోని ఫోనులో ప్రత్యక్షమగుచున్న ఈ కాలమున, దూరము చేయుట అను ఆ మొదటి మెట్టును విరిగినది. ఇక మిగిలినది నిగ్రహము. అది బయటినుండి వచ్చునది కాదు.

ఇట్లనుటవలన పసివారిని అన్ని దృశ్యముల ఎదుటను వదలివేయవలెనని కాదు. అధికారిభేదము మన సంప్రదాయమునకు క్రొత్త కాదు. తపస్సు లేనివానికి, వినగోరనివానికి ఈ శాస్త్రమును చెప్పవలదని గీత చివర స్వామియే హెచ్చరించినాడు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టమునకు 2023లో చేసిన సవరణ ఇట్టి భేదమునే పాటించినది. పెద్దల పర్యవేక్షణతో చూడదగిన చిత్రములను ఏడు, పదమూడు, పదునారు ఏండ్ల వయఃపరిమితులనుబట్టి వింగడించినది. ఇది నిషేధము కాదు, సూచన. ఏడేండ్ల బాలునకు తగనిదానిని తల్లిదండ్రులు ఎరుగుటకు సాధనము. దీనిని చదువక, పిల్లలను వెంటబెట్టుకొని ఏ చిత్రమునకైనను పోయి, తరువాత ప్రభుత్వమును నిందించు గృహస్థులును లేకపోలేదు. ఐతే, తపస్సు లేనివానికి చెప్పవలదన్న ఆ స్వామియే అంతకు ముందు, పదునెనిమిది అధ్యాయములు బోధించిన పిమ్మట, అర్జునునితో ఏమన్నాడు? దీనిని సమగ్రముగా విమర్శించుకొని నీకు తోచినట్లు చేయుమన్నాడు. జగద్గురువునకే శిష్యుని వివేకముపై అంత గౌరవముండగా, ఒక కార్యాలయమున కూర్చున్న నలుగురికి అది ఉండనక్కరలేదా?

ఈ గీతను గుర్తించుట న్యాయస్థానములకును కష్టమైనది. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ నాలుగు నగరములను గూర్చి తీసిన లఘుచిత్రములో బొంబాయి వేశ్యావాటిక దృశ్యములుండెను. వానిని తొలగించిననే అందరును చూడదగిన చిత్రమను సర్టిఫికెట్టు ఇత్తుమని ప్రభుత్వమువారనిరి. సంపన్నుల వైభవము ప్రక్కన పేదల దుఃఖమును చూపుట ఆయన ఉద్దేశము. ఆ వ్యాజ్యమున 1970లో సుప్రీంకోర్టు చిత్రములను ముందుగా పరీక్షించుట రాజ్యాంగసమ్మతమే యని తీర్పు చెప్పినది. అందువలన నిషేధమునకు తావే లేదనుట చట్టరీత్యా చెల్లదు. ఒక వర్గముపై ద్వేషమును రగిల్చి ఇండ్లు తగులబెట్టించు చిత్రమును కాపాడుమని ధర్మమును చెప్పదు. కాని ఆ తీర్పులోనే, చెడును చూపుటయంతయు చెడు కాదనియు, కళకు ఊపిరాడునంత చోటు విడువవలెననియు న్యాయమూర్తులు స్పష్టపరచిరి. సీతాపహరణము లేక రామాయణము, ద్రౌపదీ పరాభవము లేక భారతము చెప్పుట యెట్లో ఆలోచించినచో ఇందలి సత్యము తెలియును.

ఇక మిగిలినది దైవదూషణము. భక్తుని గుండె నిజముగా గాయపడునది ఇక్కడనే. తాను నిత్యము తిరుమంజనము చేసి, తులసి సమర్పించి, ఆకలిదప్పులు విన్నవించుకొను స్వామిని తెరపై ఎవడో పరిహసించినపుడు కలుగు బాధ నటన కాదు. ఆ బాధతో నిషేధము కోరువారు ఒక పరీక్ష చేసికొనవలెను: ఇదే న్యాయమును ఇతరుల దేవుని విషయమున తాము ఒప్పుకొందురా? 2006లో ‘ద డావిన్సీ కోడ్’ అను ఆంగ్లచిత్రము క్రైస్తవుల మనోభావములను గాయపరచునని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దానిని నిషేధించెను. రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము ఆ నిషేధమును కొట్టివేసెను. అప్పుడు న్యాయస్థానమును మెచ్చుకొన్న హిందువులలో కొందరు తమ వంతు వచ్చినపుడు వేరొక త్రాసు పట్టుకొనిరి. అంతకు ముందే, 1989లో, ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ అను తమిళ చిత్రపు వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఒక మాట తేల్చినది. అల్లరి జరుగునను బెదిరింపునకు లొంగి చిత్రమును ఆపరాదు; శాంతిని కాపాడుట ప్రభుత్వము పని. అనగా కేకలు వేయగలవానికే న్యాయము దక్కు పద్ధతి ఉండరాదని అర్థము. ఉన్నచో, నోరులేని భక్తునకు ఏనాటికిని న్యాయము దక్కదు.

దైవదూషణమునకు గురియైన భక్తులలో ప్రహ్లాదుని మించినవాడు లేడు. హరినామమును నిషేధించినది అతని తండ్రియే. రాజ్యమంతట ఆ నామము వినబడరాదని కట్టడి చేసిన హిరణ్యకశిపునకు అది తన కొడుకు నోటనే వినబడినది. గురువులు ఇంటిపనులకై వెళ్ళినపుడు ఆ బాలుడు తోటి దైత్యబాలురకు దానినే బోధించెను. నిషేధము వలన నామమునకు కలిగిన నష్టమేమియు లేదు. నృసింహుడు అవతరించి, వరము కోరుమనగా ప్రహ్లాదుడు ఏమి కోరెను? స్వామిని దూషించిన తండ్రిని ఆ పాపమునుండి పవిత్రుని చేయుమని కోరెను. దూషించినవాని పేరు తుడిచివేయుమని కోరలేదు. శిశుపాలుని మాట యేమి, నూరు తప్పులు నిండగానే స్వామి చక్రము వేయలేదా యని ఎవరైన అడుగవచ్చును. వేసెను. ఆ నూరింటిని చెవులార విని, సహించి, వేసెను. వేసిన పిమ్మట వాని తేజస్సును తనలో కలుపుకొనెను. చక్రము స్వామిచేతిలో ఉన్నది. దానిని అరువడిగిన భక్తుడు ఏ పురాణమునందును కానరాడు.

అట్లని భక్తుడు నోరు మూసికొని కూర్చుండవలసిన పనియు లేదు. చూడక మానవచ్చును. చూచి, అందులోని అసత్యమును పదిమందిలో ఎత్తిచూపవచ్చును. పత్రికలకు వ్రాయవచ్చును. చట్టము అనుమతించిన త్రోవలో న్యాయమును అడుగవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, ఇంటిలోని పిల్లలు అడుగు ప్రశ్నలకు జవాబు చెప్పగల పాండిత్యమును సంపాదింపవచ్చును. ఇది కష్టమైన పని. నిషేధము కోరుచు ఒక విజ్ఞాపనపత్రముపై సంతకము చేయుట సులభము. రాసలీలను గూర్చి పదునాలుగేండ్ల మనుమరాలు అడిగిన ప్రశ్నకు తడబడక సమాధానము చెప్పుట సులభము కాదు.

ఆ ప్రశ్న క్రొత్తది కాదు. రాసక్రీడను వర్ణించి ముగింపగానే పరీక్షిన్మహారాజు శుకయోగిని అదే అడిగెను. ధర్మసంస్థాపనకై అవతరించిన స్వామి పరస్త్రీలతో ఇట్లు వర్తించుట యెట్లు తగును? ఏడు దినములలో మరణింపనున్న రాజు అడిగిన ప్రశ్న అది. వినోదమునకు అడిగినది కాదు. శుకుడు జన్మతః విరాగి. ఆయన కోపింపలేదు. ఇట్టి ప్రశ్న వేయుట అపచారమని రాజు నోరు మూయింపలేదు. వ్యాసభగవానుడు సంశయము పుట్టించిన ఆ అధ్యాయములను గ్రంథమునుండి తీసివేయలేదు, ప్రశ్నను కూడ దాచలేదు. ఈశ్వరుల చేష్టలను సామాన్యులు మనస్సునందైనను అనుకరింపరాదనియు, రుద్రుడు కాలకూటమును మ్రింగెనని రుద్రుడు కానివాడు మ్రింగినచో నశించుననియు శుకుడు చెప్పెను. గోపికలయందును, వారి పతులయందును, సర్వదేహులయందును అంతర్యామియై ఉన్నవానికి పరులెవరని అడిగెను. రాజు విని తృప్తుడయ్యెను. అంతట శుకుడు తరువాతి కథను, అంబికావనమున నందుని మహాసర్పము పట్టుకొన్న వృత్తాంతమును, చెప్ప మొదలుపెట్టెను.